పాత తప్పా, కొత్త తప్పా?

నడిచింది! మావాడు చేసిన బోద నాగలి న్యాల్‌కల్ నల్లరేగడిలో ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒక్కచోట కూడా ఆగకుండా నడిచింది! నిన్న పొద్దున నా రెండు కళ్లతో చూశాను. అరవై ఎనిమిదేళ్ల మనిషిని, ట్రాక్టర్ వెనక చిన్నపిల్లాడిలా పరుగెత్తాను. ఈ మాట అందరికంటే ముందు వినవలసిన పెద్దాయన మాత్రం లేడు. పదిహేను రోజుల కింద, పొద్దున చాయ్ తాగి మంచం మీద ఒరిగి, అట్లాగే పోయాడు.

ఆయన మాకు చుట్టం కాదు. మావాడి దగ్గర నాగలి కొన్న గిరాకీ. నీ వస్తువు నా చేనులో పనికిరాలేదని మోసుకొచ్చి ముందర పెట్టినవాడు. అలాంటి మనిషిని తలుచుకుని ఎవరైనా రాస్తారా అని మీరనుకోవచ్చు. ఏడో తరగతితో బడి మానేసినవాణ్ణి. నాకు వచ్చినట్టు రాస్తున్నాను, మీరే సర్దుకుని చదవండి.

మాది జహీరాబాద్ పక్కన ఎర్రనేల. అల్లం వేస్తాం. మావాడు ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుని, ఇరవై మూడేళ్లకే హైవే పక్కన రేకుల షెడ్డు వేశాడు. ట్రాక్టర్‌కు తగిలించే నాగలి ఒకటి తన సొంత తెలివితో తయారు చేశాడు. మన్నును రెండు పక్కలా ఎగదోసి, విత్తనానికి ఎత్తుగా బోదెలు పోసే నాగలి. మా అల్లం చేనులో నడిపితే దారం పట్టి గీసినట్టు వచ్చాయి బోదెలు. నాకింక కాలు నిలవలేదు.

"బాపూ, జర ఆగు. ఇంకో రెండు తీర్ల నేలల నడిపి చూద్దం," అన్నాడు వాడు.

"నేల నేలనే గదరా! నువ్వు చేసుకుంట పో. అమ్మేది నాకిడిసిపెట్టు," అన్నాను.

ఆ తప్పు నాది. మా అత్తగారి వైపు చుట్టాలంతా న్యాల్‌కల్ దిక్కు నల్లనేల రైతులు. ఫోన్లు చేసి, బతిమాలి, గొప్పలు చెప్పి వాళ్లకు ఆరు నాగళ్లు అంటగట్టాను. ఏడోది కొన్నవాడు మా బావమరిది ఊరివాడే, ఈ పెద్దాయన.

వానలు పడ్డాయి. మా ఎర్రమన్ను రాలిపోయే రకం. నల్లమన్ను తడిస్తే వదలదు. నాగలి రెక్కలకు అది ముద్దలు ముద్దలుగా పట్టుకుని, నాలుగు బారలు పోయేసరికి నాగలి కాస్తా మట్టి దిమ్మ అయి కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు ఫోన్లు. ఫోను దిండు కింద పెట్టినా దాని వణుకు చెవికి తగిలేది. మావాడు షెడ్డు రేకు సగం దించుకుని లోపలే ఉండేవాడు. అన్నం డబ్బా రేకు కింద నుంచి తోస్తే తీసుకునేవాడు. నేను బజారుకు పోవాలంటే హైవే దాటి, లారీల చాటున నడిచి పోయేవాణ్ణి.

తప్పించుకోలేక ఒక పెళ్లికి పోయాను. బంతిలో కూర్చున్నాక, మా బావమరిది అందరికీ వినబడేటట్టు అన్నాడు.

"బావా, అల్లుడు చేసిన నాగలి శాన గట్టిదే! దొడ్డి తలుపుకు అడ్డం పెట్టిన. మా బర్రెకు గూడ ఇరుగుతలేదు!"

బంతి బంతంతా నవ్వింది. లేద్దామంటే ముందర వడ్డించిన ఆకు. రెండు పక్కలా మనుషులు. ఆ అన్నం ఎట్లా మింగానో నాకే తెలుసు.

ఆ వారంలోనే పెద్దాయన ఆటో ట్రాలీలో నాగలి వేసుకుని షెడ్డుకు వచ్చాడు. పొట్టి మనిషి, భుజం మీద తువ్వాల, మందపు కళ్లద్దాలు. నేను మెల్లగా షెడ్డు వెనక్కి జారుకోబోయాను.

"యాడికి పోతవ్ తమ్మీ? నిన్ను కొట్టనీకి రాలే," అన్నాడు. తర్వాత మావాడితో, "కడిగి తేలేదు కొడుకా. మన్ను యాడ పట్టుకున్నదో నువ్వు జూడాలె గదా. వాపసు తీస్కొమ్మంటలేను. నా చేనుకొచ్చి నువ్వే నడిపి సూపియ్యి."

రెండు రోజులకు పోయాం. ముందు రోజే వాన కొట్టింది. పెద్దాయన గట్టు దగ్గర వంగి పిడికెడు మన్ను తీసి, ఉండ చేసి, మోకాలి ఎత్తు నుంచి వదిలాడు. అది పగల్లేదు, అప్పంలా అణిగింది.

"ఉండ పగిలితె పదును వచ్చినట్టు. ఇది పగలలే. ఇయ్యాల రొట్టె తిని ఇంటికి పోన్రి."

నాకు పరువు తొందర. "ఏం గాదన్నా. నడుపురా నువ్వు!" అన్నాను. పెద్దాయన పక్కకు జరిగాడు.

ట్రాక్టర్ ఇరవై అడుగులు పోయేసరికి పెద్ద చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. నాగలి విప్పితే బరువు తగ్గుతుందని మావాడు దిగాడు. చేతిలో పానా జారి బురదలో పడింది. చదువుకునే రోజుల్లో కొనుక్కున్న మొదటి పానా. మోచేతి దాకా చేయి పెట్టి వెతికినా దొరకలేదు. సాయం చేద్దామని నేను దిగితే పిక్కల దాకా కూరుకుపోయాను. ఒక కాలు లాగితే రెండోది దిగుతుంది. ఇంకో ట్రాక్టర్ తెప్పిద్దామంటే అదీ దిగబడుతుందన్నాడు పెద్దాయన. ఎండ కాసి నేల కొంచెం గట్టిపడేదాకా ఎవరూ ఏమీ చేయలేరు. గట్టు కనబడుతూనే ఉంది, చేరుకోలేం. నా బతుకంతా ఆ నెలలో అట్లాగే ఉండింది.

ఆయన భార్య, నేను వదినా అని పిలిచే మనిషి, జొన్నరొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు తెచ్చింది. అలవాటైన కాళ్లతో బురదలో నడిచి వచ్చి మా చేతుల్లో పెట్టింది. పెద్దాయన గట్టు మీద కూర్చుని మాతోపాటే తిన్నాడు.

"పానకు రంది పడకు కొడుకా. నా చేను ఎవల సొమ్ము ఉంచుకోదు. దున్నంగ దున్నంగ ఎన్నడో ఇస్తది," అన్నాడు. ఇంకో రొట్టె తుంచుతూ, "నా పెండ్లయిన ఏడు నేను గిట్లనే పదును సూడకుంట అరక కట్టిన. ఎండలకు చేనంత రాళ్ల లెక్క గడ్డలు. మా బాపు ఒక్క మాటనలే. గడ్డ గడ్డ సేత్తోని కొట్టుమన్నడు. రెండు నెలలు కొట్టిన. నువ్వు ఎన్ని గడ్డలు కొట్టినవ్?"

"ఇంకా సురువే చెయ్యలే తాతా," అన్నాడు మావాడు, నడుము దాకా బురదతో. ఇద్దరూ నవ్వారు. నెల రోజుల తర్వాత వాడి పళ్లు కనబడింది ఆ పూటే.

సాయంత్రానికి బయటపడ్డాం. మర్నాటి నుంచి వాడు చుట్టాల ఇళ్లకు తానే పోయి, మన్ను పట్టిన నాగళ్లు వెనక్కి తెచ్చుకున్నాడు. బావమరిది మాత్రం బర్రెకు అడ్డం లేకుండా పోతుందని ఇవ్వలేదు. "తాత చేన్ల నడిచేదాక ఒక్కటి గూడ అమ్మను," అన్నాడు నాతో. కిటికీ గ్రిల్లులు, గేట్లు చేసుకుంటూ ఏడాది గడిపాడు.

ఆ ఏడాదంతా పెద్దాయన బస్సెక్కి వచ్చేవాడు. తువ్వాల కొంగులో తన చేని మన్ను మూటకట్టుకుని వచ్చి, నీళ్లతో తడిపి, కొత్త రెక్కకు పూసి, జారుతుందా లేదా అని బొటనవేలితో తోసి చూసేవాడు. "మన్నుకు కూసునేటందుకు గింత జాగ ఎందుకిచ్చినవ్?" అని ఒకరోజు అడిగాడు. ఆ మాట మీదనే మావాడు పలక రెక్క తీసేసి, సందులు వదిలి ఇనుప కమ్మీలతో రెక్క కట్టడం మొదలుపెట్టాడు.

బాగుందని ఆయన ఎన్నడూ అనలేదు. ఫోను చేస్తే ఒకటే అడుగుడు: "ఈపారి ఏం తప్పు జేసినవ్? పాతదేనా, కొత్తదా?"

"కొత్తది తాతా."

"అట్లయితె నడుస్తున్నవ్ తియ్యి."

ఒక్కసారి మాత్రం మావాడు "పాతదే" అనవలసి వచ్చింది. పెద్దాయన ఫోను పెట్టేశాడు. మూడు రోజులు మాట లేదు. నాలుగో రోజు సంచి నిండా పచ్చి కందికాయలతో వచ్చి, షెడ్డు ముందర కూర్చుని, "ఒలుసుకుంట చెప్పు, ఎందుకైందో," అన్నాడు. సంచి ఖాళీ అయ్యేదాకా ఇద్దరూ మాట్లాడుకున్నారు.

కమ్మీల రెక్క పూర్తయింది. పదును కోసం చూస్తున్నాం. అప్పుడే వదిన ఫోను వచ్చింది. మావాడు కోత మిషను ఆపి, కళ్లకు పెట్టుకున్న నల్ల అద్దాలు తీయకుండానే చాలాసేపు కూర్చున్నాడు.

నా బుద్ధి చూడండి. పదో రోజుకు పోయి వచ్చాక వాడితో, "ఇంక వేరే నల్లచేన్ల నడుపుదం. ఏదైతేంది?" అన్నాను. వాడు తల ఎత్తలేదు. "ఆ చేన్లనే బాపూ." ఏడుస్తున్న ఇంటికి పోయి మీ చేను దున్నుతాం అని ఏ నోటితో అడుగుతాం? అడగకపోతే ఏడాది కష్టం షెడ్డులోనే తుప్పు పడుతుంది. నేల ఆరిపోతోంది. మళ్లీ అదే బురద, ఈసారి మెడ దాకా.

మొన్న వదినే ఫోను చేసింది. "మీ అన్న పోయిండని చేను ఆగుతదా? పొద్దుగాల్ల నేనే ఉండ జేసి ఇడిసిన. పగిలింది. రేపు రాండ్రి."

పోయాం. నడిచింది. బోద వెంట బోద, మన్ను కమ్మీల సందుల్లోంచి జారిపోతూనే ఉంది. నాగటి చాలు మధ్యలో వదిన ఉత్త కాళ్లతో వెనకే నడిచింది. ఆఖరి చాలు అయ్యాక గట్టు మీద, ఆయన కూర్చునే చోట కూర్చుంది.

"ఏమన్న తప్పు అయ్యిందా కొడుకా?"

"ఒక నట్టు వదులైంది అవ్వా."

"పాతదా, కొత్తదా?"

"కొత్తదే."

ఆమె నవ్వబోయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండో చేయి చాపింది. చేతిలో మట్టి ముద్ద, ముద్దలోంచి పొడుచుకొచ్చిన ఇనుము. ఆరో చాలులో కాలికి తగిలిందట. మావాడి పానా.

ఇంక నేను ఫోన్లు చేయాలి. ముందు బావమరిదికి: బర్రెకు వేరే అడ్డం చూసుకుని ఆ పాత నాగలి పంపమనాలి, రెక్కలు మార్చాలి. చిరాగ్‌పల్లిలో పెద్దక్కకు, ఆమెకు గట్టిగా అరిచి చెప్పాలి. బీదర్‌లో చిన్నమ్మ కొడుకుకు. ఆ పెళ్లి బంతిలో నా ఎడమ పక్కన కూర్చుని నవ్విన తోడల్లుడికి, కుడి పక్కన నవ్వకుండా నా ఆకులో మజ్జిగ పోసిన మేనల్లుడికి. సంగారెడ్డిలో మా బిడ్డకు, అల్లుడికి. న్యాల్‌కల్ వదినకు చెప్పే పని లేదు. మావాడు ఆమె దగ్గరే ఉంచమన్న ఆ పానా ఆమె గూట్లోనే ఉంది, ఆయన కళ్లద్దాల పక్కన, మన్ను కడగకుండా.