సగమైన మంచు, పెరిగిన బరువు

ఉద్యోగ విరమణకు ముందటి జనవరిలో, డ్రెస్డెన్‌లోని ఒక ఇంజనీరింగ్ కార్యాలయంలో సీనియర్ స్ట్రక్చరల్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, మా వీధిలోని కీటా పైకప్పు పని నాకు అప్పగించారు. కీటా అంటే పసిపిల్లల బడి. శుక్రవారం మంచు విపరీతంగా కురవడంతో దాన్ని మూసేశారు. సోమవారం తెరవవచ్చో లేదో తేల్చి నేను సంతకం చేయాలి. పాత చెక్క దూలాల మీద చదును కప్పు అది. చదరపు మీటరుకు డెబ్బై అయిదు కిలోలకు మించి మోయలేదు.

కప్పు ఎక్కడం ప్రమాదం కనుక పక్కనే ఉన్న మా పెరట్లో కొలిచాను. మంచుకాలం రాగానే గాలి అంతగా తగలని చోట ఒక చెక్క పలక పరిచి ఉంచడం నా అలవాటు. వెడల్పు తెలిసిన ప్లాస్టిక్ గొట్టాన్ని పలక తగిలేదాకా నిలువుగా దించి, అడుగున అట్లకాడ దూర్చి, లోపలి మంచును గిన్నెలోకి వంచి, వంటింటి కాటా మీద తూచి, గొట్టం వైశాల్యాన్ని బట్టి చదరపు మీటరుకు బరువు కట్టాలి. కరిగించి కొలిచినా లెక్క ఒకటే: ఒక మిల్లీమీటరు నీరంటే చదరపు మీటరుకు ఒక కిలో. శుక్రవారం మంచు ఎత్తు నలభై సెంటీమీటర్లు, బరువు నలభై ఎనిమిది కిలోలు. భయం లేదనుకున్నాను.

తర్వాత ఒక రోజంతా వాన. ఆదివారం ఉదయానికి మంచు సగానికి దిగింది. మా విభాగాధిపతి, నాకంటే చాలా చిన్నవాడు, ఫోన్ చేసి, ఎత్తు సగమైంది కాబట్టి బరువూ సగమే, సంతకం పెట్టేయమన్నాడు. ఇంత చదువూ చదివి ఆ మాటా అనేది! ఒళ్లు మండింది.

అంతలో కీటాకు కూతుర్ని పంపే కరీంనగర్ అమ్మాయి స్వప్న వచ్చింది.

"ఆంటీ, మంచు దిగింది గదా, రేపన్నా తెరిపియ్యుండ్రి. కొత్త ఉద్యోగం, ఇంకా ప్రోబెట్సైట్లనే, గదే పర్మనెంట్ కాకముందు చూసే గడువుల ఉన్న. మల్ల లీవ్ అడిగితే నౌకరీ పోతది."

"ఆగమ్మా, తూచి చెప్తాను" అన్నాను.

బియ్యం సోలను కుదిపితే మట్టం దిగుతుంది, తూకం దిగదు. పైగా ఈ మంచు వాన నీటినంతా దూదిలా తాగేసింది. పలక మీద మూడు చోట్ల తూచాను. సగటు డెబ్బై ఎనిమిది! కప్పు మోయగలిగిన దానికంటే మూడు కిలోలు ఎక్కువ. ఈ కప్పు కింద పిల్లల్ని ఉంచలేనన్నాను. స్వప్న మొహం వాడిపోయింది.

ఫోన్‌లో ఈ సంగతి చెప్పగానే, పెరటి కొలతను నమ్ముకుని బడి మూయిస్తారా అని విభాగాధిపతి ఎగతాళి చేశాడు. మా పెరట్లో పడ్డ వానే అక్కడా పడింది, నమ్మకపోతే మీరే సంతకం పెట్టండి అన్నాను. గంట తిరక్కుండా మంచు తీసే సిబ్బందిని వెంటబెట్టుకుని తానే వచ్చాడు. వాళ్లు కప్పు మీద కాలు పెట్టకుండా, యంత్రపు నిచ్చెన చివరి తొట్టిలో నిలబడే కప్పు మీద నా గొట్టంతో తూచారు. ఎనభై ఒకటి.

ఒకే పక్క ఖాళీ చేస్తే దూలాలు మెలితిరుగుతాయి కనుక రెండు వైపులా సమంగా తీయించాను. పని సాగుతుండగా కీటా కాపలాదారు పరుగున వచ్చాడు. నిన్నటి నుంచి బిగుసుకుపోయిన హాలు తలుపు ఇప్పుడు వేలితో నెడితే తెరుచుకుంటోందట. చెమ్మకు ఉబ్బిందనుకుని ఎవరికీ చెప్పలేదట! దూలం వంగి చట్రాన్ని నొక్కిందన్నమాట. విభాగాధిపతి పాలిపోయాడు. నాకు పట్టరాని సంతోషం. ఆయన చూస్తుండగానే ఆ తలుపు మరో రెండుసార్లు తీసి వేశాను.

చీకటి పడేలోగా కప్పు ఖాళీ అయింది. దూలాలన్నీ పరీక్షించాను, పగుళ్లు లేవు. సంతకం పెట్టాను. సోమవారం స్వప్న కూతుర్ని దింపి ఆఫీసుకు వెళ్లింది.

మంచు ఎత్తు కంటికి తెలుస్తుంది, బరువు తూకానికే తెలుస్తుంది. ఎత్తు తగ్గిందని అందరూ నిశ్చింతగా ఉన్న రోజునే తప్పకుండా తూచాలి.