రెక్కలొచ్చిన ఈగలు

ఇంగెలీసె డెన్మార్క్‌లో స్వెన్‌బోర్గ్ ఊరి బడిలో ముప్పై ఏళ్ళు నేల తుడిచి రిటైరైంది. ఇప్పుడు ఈగలు పెంచుతోంది. ఊరంతా తరిమేసేవాటిని ఈవిడ సీసాల్లో పెట్టి మేపుతుంది: మాగిన అరటిపండు, ఓట్స్ పిండి, ఈస్టు, చెంచాడు కారంలేని ఎర్ర మిరపపొడి. ఆ పొడి తిన్న ఈగల్ని తింటే తను పెంచే కప్పల ఒంటి ఎరుపు నిలుస్తుందని ఆవిడ నమ్మకం. మొగుడు ప్రేబెన్ మాత్రం పొద్దుటి జావ తనే కాచుకోవాలి.

ఈ ఈగలు రెక్కల్లేని జాతి. అందుకే గాజుపెట్టెలోని గోరంత కప్పపిల్లలకు అందుతాయి. పిల్లలు పదకొండు. నీళ్ళలోంచి బయటికొచ్చి మూడు వారాలే. వరసగా నాలుగు రోజులు పస్తుంటే బతకవు.

సెప్టెంబర్‌లో ప్రేబెన్ తోటలోని ఆపిల్స్ తెచ్చి వంటింట్లో రసం పిండాడు. అదే రోజు, అదే బల్ల మీద, ఇంగెలీసె సీసాల మూతలు తీసి కొత్త మేత కలిపింది. ఆపిల్స్ మీద ముసిరిన ఊరి ఈగలు ఊరుకుంటాయా? లోపలికి దూరి సంబంధాలు కలుపుకున్నాయి.

రెండు వారాలకు పాత ఈగలు అయిపోయాయి. కొత్త తరాన్ని కప్పలకు వేద్దామని సీసా వంచి తట్టింది. ఒక్కటీ కింద పడలేదు. అన్నీ లేచి దీపం చుట్టూ చేరాయి. మిగతా నాలుగు సీసాలూ అంతే.

"ప్రేబెన్! నీ ఆపిల్స్ నా కొంప ముంచాయయ్యా!"

"మూతలు తీసింది నువ్వేనే! నేను రసం పిండానంతే, పెళ్ళిళ్ళు చెయ్యలేదు."

మర్నాటికీ దారి దొరకలేదు. ఊళ్ళో రెక్కల్లేని ఈగలు ఇంకొక్కరి దగ్గరే ఉన్నాయి: కప్పలు పెంచేవాళ్ళ సంఘంలోని ఆస్‌గర్. మొన్న వసంతంలో, మీటింగ్‌లో అందరి ముందూ, ఆయన ఈగల్ని ఎండు బక్కప్రాణులని వెక్కిరించింది ఈవిడే. అయినా సైకిలెక్కింది.

"ఏం తల్లీ, దారి తప్పావా?" అన్నాడు ఆస్‌గర్ తలుపు తీస్తూనే.

"ఈగలు కావాలి, అన్నా."

"నావా? బక్కవి కదమ్మా!"

"బక్కవే. ఉత్త బంగాళాదుంప పొడి పెడితే బలమెక్కణ్ణుంచొస్తుంది? కానీ నావి ఎగిరిపోతున్నాయి. పిల్లలు నిన్నట్నుంచీ పస్తు."

ఆస్‌గర్ కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు. ఆ నవ్వు ఆగేదాకా ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. తర్వాత నిండు సీసా ఒకటి చంకన పెట్టుకుని తనూ సైకిల్ తీశాడు.

ఇంట్లో ఇంగెలీసె చిటికెడు కాల్షియం పొడి, విటమిన్ల పొడి వేసి ఈగల్ని కుదిపి పెట్టెలోకి వదిలింది. పది పిల్లలు ఎగబడ్డాయి. పదకొండోది ఆకు కింద ముడుచుకుపోయింది. దాని మూతి ముందే ఒక ఈగను వేసింది. కప్పపిల్ల నాలుక చాచింది, తగల్లేదు. మళ్ళీ చాచింది, మళ్ళీ తప్పింది.

"గురి లేదు దీనికి," అన్నాడు ఆస్‌గర్.

"నోర్ముయ్యన్నా."

మూడోసారి ఈగ మాయమైంది. ఇద్దరూ ఒకేసారి ఊపిరి వదిలారు.

"బక్కదైనా నచ్చినట్టుందే," అన్నాడాయన.

"ఆకలికి నచ్చింది," అని ఇంగెలీసె ఇంకో ఈగ కోసం సీసా వంచింది.