బబ్లూ బొచ్చు కలిసిన వత్తులు

నా చిన్నప్పుడు కుక్క బొచ్చును కుంకుడుకాయ రసంతో ఉతికి ఆరబెట్టే మనిషిని ఒక్కరినే చూశాను. ఆవిడ మా పక్కింటి అక్క. మారేడ్‌పల్లిలో మేము అద్దెకున్న ఇంటికీ వాళ్ల ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఒక్కటే అడ్డం. ఏ సందు చూసినా కంప్యూటర్ కోర్సుల బోర్డులు కనిపించే రోజులవి. మా నాన్న కూడా కంప్యూటర్ ఉద్యోగం కోసమే విజయనగరం నుంచి మమ్మల్నీ నాయనమ్మనీ తీసుకొచ్చారు.

అక్క జాకెట్లు కుట్టేది. ఆమె దగ్గర బబ్లూ అని తెల్లటి పొమేరియన్ కుక్క ఉండేది. దాన్ని మొదట పెంచింది ఒక సాఫ్ట్‌వేర్ జంట. కొత్త ఫ్లాట్‌లో కుక్కల్ని రానివ్వరని దాన్ని అక్క దగ్గర వదిలేసి మాదాపూర్ వెళ్లిపోయారు. రోజూ దువ్వితే గుప్పెడు బొచ్చు రాలేది. అక్క అందులో ఒక్క పోగు పారేసేది కాదు. ఉతికి, పల్చటి గుడ్డలో మూటగట్టి, డాబా మీద ఆరేసేది. కొంత కరివేపాకు మొక్క మొదట్లో పరిచేది, ఎలకలు అటు రావని. కొంత జాలీ సంచిలో వేసి జామచెట్టుకు కట్టేది. పిట్టలు దాన్ని ముక్కున కరుచుకుపోయి గూట్లో పరుచుకునేవి. మిగిలింది పాలపొడి డబ్బాలో దాచి బట్టబొమ్మల్లో కూరేది. ఉతికిన ఆ బొచ్చు ఎంత తెల్లగా ఉండేదంటే, చేతిలో పెడితే పత్తే అనుకుంటారు. నాకు పాడుబుద్ధి పుట్టింది అక్కడే.

ఆ ఏడు నాయనమ్మకు కంటి శుక్లాల ఆపరేషన్ అయింది. అమ్మ కూడా ఉద్యోగానికి వెళ్లేది కాబట్టి రోజూ కంట్లో చుక్కలు వేసేది అక్కే. మిషన్ ఆపి, శుభ్రంగా చేతులు కడుక్కుని వచ్చేది. మడి అనీ మైల అనీ అందర్నీ ఆమడ దూరంలో ఉంచే నాయనమ్మ, అక్కను మాత్రం తన మంచం మీద కూర్చోనిచ్చేది. చుక్కలు వేశాక ఇద్దరూ ఎంతసేపు కబుర్లాడుకునేవారో. కొత్త ఊళ్లో నాయనమ్మకు ఉన్న స్నేహం అదొక్కటే.

నాన్న కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని ఇంట్లో గుసగుసలు మొదలయ్యాయి. కొడుకు ఉద్యోగం నిలవాలని నాయనమ్మ కార్తీక పౌర్ణమికి మూడు వందల అరవై అయిదు వత్తులు వెలిగిస్తానని మొక్కుకుంది. చూపు ఇంకా సరిగా ఆనకపోయినా వత్తులు తనే చేస్తానంది. పత్తిలో గింజలు తీసి ఏకి ఇవ్వడం నా పని. సగం అయ్యేసరికి వీధిలో పిల్లల ఆటల గోల వినిపించింది. నాకు ఒళ్లు మండింది. గోడ దూకి, అక్క డబ్బా మొత్తం ఖాళీ చేసి తెచ్చి, ఏకిన పత్తిలో కలిపేశాను. గింజల పత్తిని మంచం కిందకు తోసేశాను. నాయనమ్మ చేతులతో తడిమి, "ఎంత మెత్తగా ఏకేవే గుంటా" అని మెచ్చుకుంది. నేను ఆ మెప్పు కూడా పుచ్చుకుని ఆటకు పోయాను. ఇప్పటికీ ఎక్కువ సిగ్గేసేది దానికే.

పౌర్ణమి సాయంత్రం, పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టని నాయనమ్మ తులసికోట దగ్గర వత్తుల కట్ట వెలిగించింది. అది చిటపటలాడింది, ముడుచుకుపోయింది. జుట్టు కాలిన కంపు వాకిలంతా కమ్మేసింది. "ఏటమ్మా ఇది, నా కొడుకు కోసం పెట్టిన దీపం" అంటూ నాయనమ్మ కూలబడి ఏడ్చింది. అమ్మ మిగిలిన వత్తి ఒకటి విప్పి చూసి, గోడ వైపు చూసింది. ఏడుపు విని అక్క అప్పటికే అక్కడికొచ్చి నిలబడింది.

నాకు నోట మాట రాలేదు అంటే అబద్ధం. వచ్చింది, నేనే మింగేశాను. అక్క నా మొహం ఒక్కసారి చూసింది. తర్వాత, "తప్పు నాదే పెద్దమ్మా. మా బబ్లూగాడి బొచ్చు గాలికి ఎగిరొచ్చి పత్తిల పడ్డట్టుంది. నేనే జెర చూసుకోవాల్సుండె" అంది.

ఇక మా గడప తొక్కొద్దని నాయనమ్మ అక్కకు చెప్పేసింది.

ఆ మర్నాటినుంచి చుక్కలు వెయ్యడం నా వంతయింది. సగం బుగ్గ మీదికి జారిపోయేవి. నాయనమ్మ కన్ను నులుముకుంటూ "ఆ పిల్ల చెయ్యి ఎంత తేలికో" అనేసి, వెంటనే నోరు మూసుకునేది. అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. నాన్న ఉద్యోగం పోలేదు. పోయుంటే ఆ నింద కూడా అక్క నెత్తినే పడేది.

వారం తర్వాత అక్క నన్ను గోడ దగ్గరికి పిలిచి, ఎర్ర జాకెట్ ముక్కతో కుట్టిన చిన్న సూదుల దిండు చేతిలో పెట్టింది. "లోపల బబ్లూగాడి బొచ్చే. దాంట్ల జిడ్డుంటది, సూదులకు తుప్పు పట్టదు. కుట్టు నేర్చుకుంటా అన్నవ్ గదా" అంది. నేను నేల చూపులు చూస్తున్నాను. "డబ్బా మూత గాలికి ఊడదని నాకు సుత తెలుసు. నేనైతే ఎవ్వరికి చెప్ప. చెప్పేదుంటే నువ్వే చెప్పాలె. ముందుగాల చుక్కలేసుడు నేర్చుకో, పెద్దమ్మకు తక్లీఫ్ అయితుంది" అని, కింది రెప్పను ఎలా లాగి పట్టుకోవాలో నా కంటి మీదే చూపించింది. తిడుతుందని వెళ్లినదాన్ని, ఆ వేలి స్పర్శకు వెక్కి వెక్కి ఏడ్చాను.

చుక్కలు వెయ్యడం వచ్చింది. చెప్పడం మాత్రం రాలేదు. వేసవిలో అక్కావాళ్లు యాప్రాల్‌కు ఇల్లు మారారు. సామాన్ల ఆటో సందు మలుపు తిరిగేదాకా నాయనమ్మ గుమ్మంలోనే నిలబడింది, పిలవలేదు. అక్క మళ్లీ మాకు కనిపించలేదు.

ఇప్పుడు నా తలా నెరుస్తోంది. ఆ దిండు నా కుట్టుపెట్టెలో ఉంది. అక్క అన్నట్టే సూదులకు తుప్పు పట్టలేదు. ఏటా కార్తీక పౌర్ణమికి గింజ గింజా ఏరి పత్తి నేనే ఏకుతాను. వెలిగించే ముందు "ఆ బొచ్చు కలిపింది నేనే నాయనమ్మా, అక్క కాదు" అని పైకే అంటాను. మా పిల్లలు అది కూడా పూజలో భాగమే అనుకుంటారు. ఆ సంగతి జరిగాక నాయనమ్మ ఇంకో ఆరేళ్లు బతికింది. రోజూ నా పక్కనే పడుకునేది.