ఆంప్‌కు పెట్టిన బొట్లు

గిటార్ నాకు మా బాపు, అంటే నాన్న, ఇంట్లోనే నేర్పాడు. ఆ కృపకు దేవునికి స్తోత్రం. ఆయన వినే బ్రిటిష్ రాక్ పాటల్లో సకినం కొరికినట్టు కరకరలాడే మోత ఉండేది. శామీర్‌పేట చర్చిలో ఈస్టర్ పాటకు నాకా మోతే కావాలి. గిటార్ మోతను పెంచే ఆంప్ డబ్బాలో, గరుకుదనం తెచ్చే గెయిన్ సగం దాటించి, బేస్ తగ్గించి, మిడ్ పెంచితే చివరికి దొరికింది. ఎంత తిప్పానో మరచిపోకుండా ఒక్కో నాబ్ పక్కన, పక్కింటావిడను అడిగి తెచ్చిన ఎర్ర బొట్టుబిళ్ల అంటించాను.

తర్వాతి ప్రాక్టీసుకు బిళ్లలు లేవు. నాబ్‌లన్నీ సున్నాలో ఉన్నాయి. నా అనుమానం మాతో కీబోర్డు వాయించే అన్న మీదికి పోయింది. "చర్చిల మిక్సీ వెట్టినట్టుంది చెల్లె" అని నా మోతను ఎగతాళి చేసేది ఆయనే మరి.

అంతలో పాస్టరమ్మ, తను పీకేసిన బిళ్లలు చేతిలో పట్టుకొని, నన్ను పక్కకు పిలిచింది.

"నువ్వే బొట్టు వెట్టుకోవు గదా బిడ్డా, గా డబ్బాకెందుకు వెట్టినవ్? ఎవలన్న పూజ జేసిండ్రా ఏంది?"

"గుర్తులమ్మా అవి!" అని, నాబ్‌లు మళ్లీ తిప్పుకొని వాయించి చూపించాను. ఆమె చెవులు మూసుకోలేదు. సంచిలోంచి గాయాలకు అంటించే ప్లాస్టర్ తీసి ముక్కలు చించి ఇచ్చింది.

"ఇగ గివి అంటియ్యి."

ఈస్టర్ పాట ఆ మోతతోనే మొదలైంది. స్తోత్రం. అయినా ఇప్పటికీ పాటకు ముందు ఆమె ఆ డబ్బా వైపు చూస్తుంది, నేను ఆమె వైపు చూస్తాను.