కుజుడు ఎనుకకు నడిచిన ఎండకాలం

మొన్న ఒకరోజు పొద్దుగూకే యాళ్లకు మా అన్న మనుమరాలు ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు సోఫల పడేసి, తాతా ఇగ కొన్ని రోజులు నాతోని ఎవ్వరు పెట్టుకోకుండ్రి, మెర్క్యురీ రెట్రోగ్రేడ్ నడుస్తుంది అన్నది. కంప్యూటర్ ఆగిపోయిందట, దోస్తుకు పంపాల్సిన మెసేజి పోయి పోయి మేనేజరుకు పోయిందట, దాని మీద దోస్తుకు తనకు మాటలు బందయినయట, అన్నిటికి గదే కారణమట. గదేందే అని అడిగితే ఫోన్ల బొమ్మ చూపించింది, ఒక గ్రహం ముందుకు పోయి పోయి, జర ఆగి, ఎనుకకు మర్లుతుంది. ఓసి పిల్లా, గిది మన పంచాంగంల చెప్పే వక్రమే గద అన్న. నీకెట్ల ఎరుక తాతా అని కండ్లు పెద్దగ జేసింది. చెప్దామనుకునే లోపట ఫోన్ మోగింది, మాట్లాడుకుంట బాల్కనీలకు పోయింది.

చెప్పని మాట గట్లనే ఉండిపోయింది, గందుకే రాస్తున్న. నేను ఐదో తరగతి దాక సదువుకున్న, తాపీ పట్టినట్టు పెన్ను పట్టరాదు, ఎక్కడ మొదలువెట్టాలె ఎక్కడ ఆపాలె తెల్వది. మా ఇంటామె మాత్రం, రాయి, తప్పులువోతే ఇప్పుడు పంతులొచ్చి తొడపాశం పెడ్తడా అన్నది. నా ఈడోళ్లు ఎవరన్న చదివితే వాళ్లకు సమజైతదని నా ధైర్యం.

గది తొంబై తొమ్మిది ఎండకాలం. మాదాపూర్ల గుండ్రటి పెద్ద బిల్డింగు లేసినంక, దాని సుట్టుపక్కల ఇంకిన్ని లేస్తుండె. ఇప్పుడు అద్దాలు మెరిసే జాగల అప్పుడు రాళ్లగుట్టలు, సీతాఫలం చెట్లు, బర్లు మేసే బీడు. మేము మెదక్ దిక్కు నుంచి వచ్చి కొండాపూర్ ఊర్లె రేకుల రూములు కిరాయికి తీసుకున్నం, ఒక రూముల అన్న, వదిన, పిల్లలు, పక్క రూముల నేను, మా ఇంటామె. పొయ్యి మాత్రం ఒక్కటే. నాయిన నా చిన్నప్పుడే పోయిండు, నన్ను సాదింది అన్ననే, చేతికి తాపీ ఇచ్చి పని నేర్పింది అన్ననే. మా జట్టుకు ఆయన మేస్త్రి, నేను ఆయన పక్కన నిలవడి గోడ కట్టేటోన్ని, ఆడోళ్లిద్దరు సిమెంటు మాలు తట్టలకెత్తి అందిస్తుండ్రి. సైటు ఇంజనీరు గుంటూరు దిక్కు పిలగాడు, "మేస్త్రిగారండీ" అని పిలిస్తే అన్న తన ఎనుక ఎవరో పెద్దమనిషి నిలవడ్డడనుకొని మర్రి చూస్తుండె. గది యాది జేసుకొని మేము అన్నం తినుకుంట నవ్వుతుంటిమి, అందరికంటె ఎక్కువ అన్ననే నవ్వుతుండె. ఆయనకు నవ్వుడు, నవ్వించుడు అంటే పానం. ఇగ గా నవ్వు కాడనే మాకు తేడా వచ్చింది.

మా పనిల ఒక మాట ఉండె. గోడ లేస్తున్నప్పుడు నడుమల జర బయటికి ఉబ్బితే గోడకు కడుపొచ్చింది అంటం. పాతకాలం నుంచి నడిచిన మాట, ఎవరినో అన్నట్టు గాదు. ఒకరోజు నేను లేపిన గోడకు అన్న దారం గుండు ఏలాడదీసి చూసిండు, జర ఎనుకకు నడిచి ఒక కన్ను మూసి చూసిండు. కూలోళ్లందరు అన్నం గిన్నెలు పట్టుకొని నీడకు పోతున్నరు. అన్న వాళ్లందరికి ఇనవడేటట్టు, "తమ్మీ, నీ గోడకు కడుపొచ్చిందిర, శ్రీమంతం జేద్దామా, గాజులు తెప్పియ్యన్నా" అనుకుంట, పచ్చిగున్న గోడను కాలుతోని ఒక్క తోపు తోసిండు. గోడ పడ్డది. అందరు నవ్విండ్రు. నేను గూడ నవ్వుదునేమో, కని మా ఇంటామె నెత్తి మీద తట్టతోని అక్కడనే నిలవడ్డది. మాకు పెండ్లయి అప్పటికి చాన ఏండ్లయింది, పిల్లలు కాలె. ఆమె తట్ట దించింది, చెమట తుడుసుకున్నట్టే కొంగుతోని మొకమంత తుడుసుకున్నది, మల్ల మాలు దగ్గరికి పోయింది.

నేను తాపీ ఆడనే పెట్టి వచ్చేసిన. మర్నాటి నుంచి ఆ సైటుకు పోలె. గోడ తోసినందుకు అలిగిండని అన్న అనుకున్నడు, నిజం చెప్పాలంటే నేను గూడ గట్లనే అనుకున్న. అందరి ముంగట నా పనిని తన్నిండు, నేనింకా పోరగాన్నా అని కనవడ్డోళ్లందరికి గదే చెప్పుకుంట తిరిగిన. రోడ్డు అవతల సైటు కాంట్రాక్టరు, నీ జట్టు నువ్వు పెట్టుకొని రా, మస్తు పని ఉన్నది అని ఎప్పటి నుంచో అంటుండె. ఇగ పోతనే అనుకున్న. వేరే జట్టంటే మాటలు గాదు, ఊరి నుంచి మా ఎంబడి వచ్చినోళ్లు సగం అటు సగం ఇటు అయితరు, ఒక్క పొయ్యి రెండు పొయ్యిలయితయి, ఇగ అన్నకు నాకు జన్మల మాటుండది. గదంత తెలిసే పోతనన్న. కొత్త పని గద, మంచిరోజు చూపిద్దామని ఊర్లె హనుమండ్ల గుడి అయ్యగారి దగ్గరికి పోయిన.

అయ్యగారు ముసలాయన, మాట మెల్లగ, పంచాంగం ఇంకా మెల్లగ. అద్దాలు మీదికి కిందికి జరుపుకొని జరుపుకొని, "ఇప్పుడొద్దయ్యా, కుజుడు వక్రంల ఉన్నడు" అన్నడు. కుజుడంటే భూమికి, ఇండ్లు కట్టుడుకు, మల్ల అన్నదమ్ములకు గూడ కారకుడట. గా మాట ఇనంగనే నేను ఆయన మొకం దిక్కు చూసిన, ఎందుకంటే అన్నతోని కొట్లాట సంగతి నేనింకా ఆయనకు చెప్పనే లేదు. వక్రమంటే వంకర తిరిగిండా అయ్యగారు అని అడిగిన. వంకర గాదు, ముందుకు నడిచేటోడు ఎనుకకు నడుస్తున్నట్టు కనవడతడు అన్నడు. నిజానికి ఆయన ఎనుకకు పోడట, మన భూమి ఆయన పక్కపొంటి జల్ది దాటిపోతుంటదట, బస్సుల కూసుంటే పక్క బస్సు ఎనుకకు జరిగినట్టుంటది సూడు, గట్లనట. ఉత్తగ కనవడేదానికి నా పనెందుకు ఆపుకోవాలె అని నాకు లోపల మండింది. మొకంల కనవడ్డదో ఏమో, ఆయన నవ్విండు.

"తాపీ పనోనివి గద, గోడ లేపినంక ఎనుకకెందుకు నడుస్తవయ్యా?"

"దగ్గరుంటే ఇటుకలే కనవడతయి, గోడ కనవడది అయ్యగారు."

"మరింకేంది. వక్రం ఇడిచేదాక కొత్తది మొదలువెట్టకు, అయిపోయినదాన్ని జర దూరం జరిగి సూడు."

గంతే జెప్పి పంచాంగం మూసిండు. అప్పటికి చీకటి పడ్డది, గుడి బయటికి తీసుకపోయి తూర్పు దిక్కు ఎర్రగ మెరుస్తున్న చుక్కను చూపించిండు, గదే కుజుడు. దానికి జర దూరంల తెల్లటి చుక్క ఒకటి, చిత్త అట, విశ్వకర్మ చుక్కట. మీ పనోళ్లదే అన్నడు.

నాకు ఆయన మాట నచ్చలె. కని వద్దన్నంక మొదలువెడితే, ఏదన్న అయితే, గా భయమొకటి. కూకట్‌పల్లి అడ్డా మీద నిలవడి దొరికిన కూలికి పోతుంటి, మాపటికి వచ్చి వాకిట్ల నులక మంచమేసుకొని గా ఎర్ర చుక్కను తిట్టుకుంట చూస్తుంటి. అప్పుడు కొండాపూర్ల లైట్లెక్కడివి, ఆకాశమంత చుక్కలే. మొదట్ల దానికి చిత్తకు నడుమ బెత్తెడు దూరముండె, పోను పోను వేలెడంత అయ్యింది. గోడ పక్కపొంటి అన్న దగ్గు ఇనవడుతుండె, పిల్లలను కోపం చేసుడు ఇనవడుతుండె. ఆయనకు గూడ నా మంచం కిర్రుమనుడు ఇనవడుతుండొచ్చు. మాట మాత్రం లేదు.

మొదటి రోజులల్ల యాది జేసుకుంటే అన్న కాలు, పడ్డ గోడ, గంతే కనవడుతుండె. కొన్ని రోజులకు నవ్వినోళ్ల మొకాలు కనవడ్డయి. ఇంకా దూరం జరిగి చూస్తే నాకు ఒకటి సమజయింది, నా కోపం గోడ పడ్డంక రాలె, పడకముందే వచ్చింది. గోడదేమున్నది, పని నేర్చుకునే రోజులల్ల అన్న నా గోడలు ఎన్ని తోయలె, గప్పుడు నేనే పక్కకుండి నవ్వుతుంటి. నన్ను కొట్టింది గా మాట. మా ఇంటామె మొకం తుడుసుకున్న తీరు. పిల్లల సంగతి మేమిద్దరం ఎన్నడు నోరిడిచి అనుకోలె, అన్నతోని అసలే అనలె, అన్న పిల్లలు చాన రాత్రులు మా రూములనే పడుకుంటుండ్రి, దినాలు గట్ల ఎల్లిపోతుండె, లోపల ఇంత ఉన్నదని నాకే తెల్వది. ఒకరోజు అడిగిన ఆమెను, అన్న అన్నది మనసుల పెట్టుకున్నవా అని. గప్పుడే మర్చిపోయిన అన్నది. మర్చిపోయిన మనిషి మొకం గట్లుండది.

ఇట్ల ఉండంగ, బోరింగు కాడ నీళ్లు పట్టుకుంట ఆమె వదినకు కుజుని సంగతి చెప్పిందట. వదినకు వక్రించుడు అంటే ఒక్కటే తెలుసు, బుద్ధి వక్రించింది అంటరు గద, గది. అన్నదమ్ముల గ్రహం వక్రించింది అనంగనే, కుజుడు వంకర తిరిగి తన పెనిమిటి మీద కూసున్నడు, ఆయన గోడ పక్కన కట్టిన కట్టెల మీదెక్కి పనిజేసే మనిషి, ఇంకేమన్న ఉన్నదా అని పరేషానయింది. చేతికి నల్లదారం కట్టింది, తాపీకి నిమ్మకాయ కట్టింది, ఎండు మిరపకాయలు తిప్పి పొయ్యిల ఏస్తే వాడకట్టంత దగ్గిండ్రు. ఆఖరికి ఒక పొద్దున గడపకు అడ్డం నిలవడి, వక్రం పోయేదాక నువ్వు మీదెక్కేది లేదు అన్నదట. మేస్త్రి రాకపోయేసరికి గుంటూరు పిలగాడు ఇంటికే వచ్చి, ఒంట్లో బాలేదాండీ అని వదినను అడుగవట్టె. అన్నకు ఇగ ఆగలె. వచ్చి మా తలుపు ముంగట నిలవడ్డడు.

"ఏందిర, అలిగితే అలిగినవ్. నీ కుజున్ని నా ఇంట్లకెందుకు తోలినవ్?"

"వంకర గాదే అన్నా, ఎనుకకు నడుసుడట."

"ఎనుకకు నడుస్తడో పల్టీలు కొడ్తడో, మీ వదిన నన్ను పనికి పోనిస్తలేదుర. తాపీకి నిమ్మకాయ కట్టింది, ఇటుక పెడ్దమంటే గదే ముందుగాల పోయి కూసుంటుంది."

లోపల మా ఇంటామె నవ్వింది, చాన రోజులకు. నాకు గూడ నవ్వొచ్చింది, ఆపుకున్న. అన్న మంచం మీద కూసున్నడు, కూసొని మెత్తగ, "ఒక్క గోడ తోసినందుకు ఇన్ని రోజులా తమ్మీ" అన్నడు.

"గోడ గాదన్నా."

"మరేంది?"

మా ఇంటామె అప్పుడే ఛాయ్ గిలాస పట్టుకొని గడప దాటుతుంది. నాకు తెల్వకుంటనే నా సూపు ఆమె దిక్కు పోయింది, అన్న సూపు నా సూపెంబడి పోయింది. గిలాస అందుకున్నడు, తాగలె. మాటలకు ఎన్నడు తడుముకోని మనిషి, గిలాస అంచును బొటనవేలుతోని రుద్దుకుంట కూసున్నడు. నవ్వులేని అన్న మొకం నేను నాయిన పోయిన రోజు చూసిన, మల్ల గప్పుడే చూసిన. నాతోని గాదు, ఆమెతోని, "నాకు సోయి లేకపాయె బిడ్డా" అన్నడు.

"ఛాయ్ సల్లారుతుంది బావా" అన్నది ఆమె.

గంతే. దాని మీద మా ముగ్గురి నడుమ ఇంకో మాట పుట్టలె, ఇప్పటి దాక. మర్నాడు పొద్దున వదినను నేనే సముదాయించి, అన్నతోని పనికి పోయిన. కొన్ని రోజులకు వక్రం ఇడిచిందని తెలిసింది, ముహూర్తం అడగనీకి మాత్రం నేను మల్ల గుడికి పోలె. ఇంకొకటి గమనించిన. గప్పటి నుంచి అన్న నోట్లె గా మాట రాలె. కొత్తగ వచ్చిన కూలాయన ఒకడు, మేస్త్రీ దీనికి కడుపొచ్చినట్టుంది అంటే, "గోడకు కడుపేందయ్యా, ఉబ్బింది అను" అని గట్టిగ అన్నడు. మా జట్టుల గదే మాట నిలవడ్డది. మా దగ్గర పని నేర్చుకున్నోళ్లు ఇప్పుడు ఎక్కడెక్కడనో మేస్త్రిలయిండ్రు, వాళ్లు గూడ ఉబ్బింది అనే అంటరు, ఎందుకో వాళ్లకు తెల్వది.

మాకు పిల్లలు కాలె. అన్న పిల్లలే మమ్ముల చిన్నాయిన, చిన్నమ్మ అనుకుంట పెరిగిండ్రు, వాళ్ల పిల్లలు తాతా అంటున్నరు. నిజాంపేటల కింద పోర్షన్ల అన్నోళ్లు, మీద మేము. గా ఎండకాలం మమ్ముల కలిపింది కుజుడా, ఉత్తగ ఆగుడా అంటే నేను చెప్పలేను, పంచాంగం చదివే సదువు నాకు లేదు. ఒకటి మాత్రం అలవాటయింది, ఎవరి మీదన్న కోపమొస్తే, గిది నిజంగ దేని మీద వచ్చింది అని మొదటి దాక పోయి చూసుకుంట. చాన సార్లు నేననుకున్నదాని మీద ఉండది.

అన్నకు మోకాళ్లు పోయినయి, పని బందయి చాన కాలమాయె. సాయంత్రం నేను దిగిపోయి ఆయన పక్కన కూసుంట. ఎదురుంగ పెద్ద అపార్ట్‌మెంట్ లేస్తుంది, ఇటుక లేదు, దారం లేదు, గుండు లేదు, రేకు అచ్చులు నిలవెట్టి అండ్ల కాంక్రీటు పోస్తున్నరు, రేకు తీస్తే గోడ. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పిలగాండ్లు, ఒకని భాష ఒకనికి రాదు, ఒకడు పోతే వాని జాగల ఇంకొకడొస్తడు, పోయినోడు ఎందుకు పోయిండని ఎవరు అడగరు. ఒక్క గోడకన్న ఉబ్బు ఉన్నదా సూడుర అంటడు అన్న. లేదన్నా, అన్ని సక్కగున్నయి అంట. పనితనం మంచిదే, తప్పు పట్టేదేం లేదు. కని మా కాలంల ఒక్కడు అలిగితే జట్టంత సగమవుతుండె, పొయ్యి కాడ వదినకు ముద్ద దిగకపోతుండె. గా పిలగాండ్లను చూస్తే నాకు గదే అనిపిస్తది, అలుగుదామన్నా పక్కన మనోడొకడు ఉండాలె గద.