బస్సు కోసం నిలబడ్డ నీలి కండువా

పోయిన శుక్రవారం పొద్దున యాదగిరి ఫోన్ చేసి, "మన బైండింగ్ చాచా పోయిండురా. జుమ్మా నమాజ్ కాంగనే తీస్కపోతరంట. జల్దీ రా," అన్నాడు. యాదగిరి, నేను ఒకే బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్లం. అప్పుడు నేను జీడిమెట్లలో మా కంపెనీ స్టోరు ముందు నిలబడి లారీలోంచి డ్రమ్ములు దింపిస్తున్నాను. సెలవు కోసం వెళితే మేనేజర్, "ఆయన మీకేమవుతారు?" అని అడిగాడు. చిన్న వయసువాడు, తప్పుగా ఏమీ అడగలేదు. కానీ ఏం చెప్పను? రక్తసంబంధం లేదు, మతం ఒకటి కాదు. నా ఏడో తరగతి సోషల్ పుస్తకానికి అట్ట వేసిన మనిషి అంటే సెలవిస్తాడా? "చిన్నాయన," అన్నాను. చాచా అంటే అదే అర్థం కాబట్టి అబద్ధమేమీ కాదు.

మేడ్చల్ నుంచి షామీర్‌పేట వెళ్లే దారిలో మా ఊరి బడి. బడికి ఎదురుగా ఒక రేకుల గది. అదే చాచా దుకాణం. లోపల ఒక పెద్ద కత్తి, ఒక దబ్బనం, మైదాపిండితో కాచిన లై గిన్నె, ఒక రుబ్బురాయి. పుస్తకం అతికించాక దాని మీద ఆ రాయి పెట్టేవాడు. మర్నాడు రాయి తీసి, అట్ట మీద రెండు వేళ్లతో టక్ టక్ అని కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. "ఎండితె గల్లుమంటది. పచ్చిగుంటె గమ్మునుంటది," అనేవాడు. పరీక్ష రాసి వచ్చిన మా తలల మీద కూడా అలాగే కొట్టి, "ఇంక పచ్చిగనే ఉన్నది," అని తేల్చేసేవాడు.

ఆయన దగ్గర ఏ కాగితమూ వృథా పోయేది కాదు. అట్ట గట్టిగా ఉండటానికి లోపల ఏదో ఒక పాత కాగితం అతికించి, దాని మీద తెల్ల కాగితం వేసేవాడు. నా సోషల్ పుస్తకం అట్ట చినిగినప్పుడు లోపల ఎవరిదో పెళ్లి పత్రిక బయటపడింది. యుద్ధాలు జరిగిన సంవత్సరాలు నాకు ఏనాడూ గుర్తుండలేదు గానీ ఆ పెళ్లి ముహూర్తం ఇప్పటికీ గుర్తుంది. పరీక్షలో ఎవరూ అడగలేదు.

మేం ఆరో తరగతిలో ఉండగా చాచా పేట్ బషీరాబాద్‌లో పాత కాగితాలవాళ్ల దగ్గర్నుంచి ఒక మూట తెచ్చాడు. అందులో 'నీలి కండువా' అనే బొమ్మల కథల పుస్తకాలు నలభై ఉన్నాయి. వాటిని వేసే కంపెనీ అప్పటికే మూతపడిందట. కథలో వీరుడు పగలంతా తపాలా ఆఫీసులో ముద్రలు కొడుతుంటాడు. ఎవరికైనా ఆపద వస్తే భుజం మీద నీలం కండువా వేసుకుని గాల్లోకి లేస్తాడు. పుస్తకాల అట్టలన్నీ చినిగిపోయి ఉండటంతో చాచా వాటిని పీకేసి, పదేసి పుస్తకాలు కలిపి కుట్టి నాలుగు లావుపాటి సంపుటాలు చేశాడు. వాటిని జిల్దులు అనేవాడు.

అక్కడే వచ్చింది చిక్కు. నెలకొకటి చదివేవాళ్లకు తెలియనిది, అన్నీ పక్కపక్కన పెట్టేసరికి బయటపడింది. ఏడో పుస్తకంలో నీళ్లు తగిలితే చాలు వీరుడి బలమంతా పోతుంది. పంతొమ్మిదో పుస్తకంలో నది అడుగున నిలబడి ముగ్గురిని తంతాడు. ఇరవై మూడులో ఆమడ దూరంలో చీమ నడిచినా వింటాడు. ఇరవై నాలుగులో వెనకే దొంగ తలుపు పగలగొడుతున్నా వినపడదు. ఎందుకిలా అని ఎక్కడా ఒక్క ముక్క లేదు. మేం బొమ్మలు చూసి పేజీ తిప్పేసేవాళ్లం కాబట్టి పట్టించుకోలేదు. చాచా ఉర్దూ బడిలో చదివినవాడు. తెలుగు చదవడం ఈ పుస్తకాలతోనే కూడబలుక్కుని నేర్చుకున్నాడు. ఒక్కో మాట మీద వేలు పెట్టి చదివేవాడి కన్నుగప్పడం ఎవరి తరమూ కాదు.

"అరే, నీళ్లంటె భయపడ్డోడు ఇప్పుడు నీళ్లల్ల కుస్తీ పడుతుండేందిరా?" అని మమ్మల్ని నిలదీశాడు, ఆ కథ మేమే రాసినట్టు.

"రాసేటాయన మర్సిపోయిండు చాచా," అన్నాడు యాదగిరి.

"ఎట్ల మర్సిపోతడు? నేను లెక్కల పుస్తకానికి తెలుగు పుస్తకం అట్టేస్తనా?"

"మొన్న ఏసినవ్ గద!"

"అది వేరే," అన్నాడు చాచా.

ఆ సాయంత్రమే కుట్లు విప్పి, వీరుడి శక్తి మారిన ప్రతిచోటా ఒక తెల్ల కాగితం పెట్టి మళ్లీ కుట్టాడు. ఆ కాగితం మీద కారణం మేం రాయాలి. పెన్సిలుతోనే రాయాలి, ఎందుకంటే రేపు ఇంకొకరు ఇంకా మంచి కారణం తేవచ్చు. వీరుడు అబద్ధమాడాడనిగానీ, రాసినాయన మరిచిపోయాడనిగానీ రాయకూడదు. "తప్పు పట్టుడు అల్కగనే ఉంటది. కారణం దొర్కవట్టుడే కష్టం," అనేవాడు. నీళ్ల సంగతికి యాదగిరి, "అప్పటివి బావి నీళ్లు, ఇవి నది నీళ్లు. ఆయనకు బావి నీళ్లు పడవు," అని రాశాడు. చీమల సంగతికి మా క్లాసులోని పాస్టరుగారి అమ్మాయి, "ఆ రోజు జలుబు చేసింది," అని రాసింది. చాచా ఎంత మురిసిపోయాడంటే ఆ అమ్మాయి నోటు పుస్తకాలన్నిటికీ పూల కాగితంతో అట్టలు వేసిచ్చాడు.

ఈ అలవాటు నాకు ఉద్యోగంలో కూడా పనికొచ్చింది. లారీ ఆలస్యంగా వస్తే డ్రైవర్ని తిట్టేముందు మనసులో ఒక తెల్ల కాగితం పెట్టుకుంటాను. అన్నిసార్లూ కాదు. సగంసార్లు తిట్టాకే పెట్టుకుంటాను.

అన్నిటికన్నా పెద్ద మార్పు నాలుగో జిల్దులో ఉంది. ముప్పై ఎనిమిదో పుస్తకం చివర వీరుడు కొండ మీదుగా ఎగిరిపోతుంటాడు. ముప్పై తొమ్మిదో పుస్తకం మొదటి బొమ్మలో, అదే కండువాతో, బస్‌స్టాపులో నిలబడి ఉంటాడు. ఆ తర్వాత మళ్లీ ఎగరలేదు. ఎక్కడికైనా బస్సే. ఒక దొంగను పట్టుకోవడానికి రెండు బస్సులు మారాడు కూడా.

పిల్లలంతా ఆ తెల్ల కాగితం మీద పడ్డారు. "వాళ్లింట్లో కండువాను వేడినీళ్లలో ఉతికారు. పొట్టిదయింది," అని యాదగిరి. మా ఊరి మీద రోజూ శిక్షణ విమానాలు తిరిగేవి కాబట్టి, "విమానాలవాళ్లు అడ్డం రావొద్దన్నారు," అని ఇంకొకడు. "పైన మాట్లాడటానికి ఎవరూ లేరు," అని పాస్టరుగారి అమ్మాయి. నేనొక్కణ్నే రాయలేదు.

మా నాయిన తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. నడుముకు మోకు వేసుకుని పైకి పోతుంటే ఊళ్లో ఆయనంత వడిగా పోయేవాళ్లు లేరు. అలాంటివాడు ఆ ఏడాదే ఒక పొద్దున మోకును కొయ్యకు తగిలించేసి, జీడిమెట్లలో కావలి పనికి బస్సెక్కాడు. కింద పడలేదు, దెబ్బ తగల్లేదు. ఎందుకు మానేశావని అడిగితే, "నీకెందుకురా, సదువుకో పో," అన్నాడు. అమ్మనడిగితే, "మీ నాయిన్నే అడుగు," అంది. బళ్లో పిల్లలు, "మీ నాయినకు చెట్టంటె దడుపు పుట్టిందంట గదరా," అనేవాళ్లు.

ఒకరోజు చాచాను అడిగాను. "ఎందుకు ఎగుర్తలేడు చాచా? నిజంగనే భయమైందా?"

చాచా సూదిలోకి దారం ఎక్కిస్తున్నవాడు ఆగాడు. నేను అడుగుతున్నది ఏ మనిషి గురించో ఆయనకు తెలిసిపోయిందనుకుంటాను. "బేటా, కారణం రాయలేదంటె కారణం లేదని కాదు. ఎక్కడ్నో ఉంటది. మనకు కనవడ్తలేదు గంతే," అన్నాడు. "నీ జాగ నీకుంచుతా. కాయితం కింద రెండు గీతలంత. దొరికిన్నాడు రాయి."

నిజంగానే ఉంచాడు. అక్కడ ఎవరైనా రాయబోతే చేతి మీద ఒక్కటిచ్చి, "అది రిజర్వు," అనేవాడు.

అలా నలభై ఏళ్లు దాటింది. నేనూ జీడిమెట్ల బస్సే ఎక్కాను. నాయిన పోయి పదిహేనేళ్లయింది. ఏమీ చెప్పకుండానే పోయాడు. సెలవురోజు చాచా దగ్గరికి వెళితే, "దొరికిందా?" అని అడిగేవాడు. లేదంటే నా తల మీద టక్ టక్‌మనిపించి, "పచ్చిగనే ఉన్నది," అనేవాడు. నా తల బట్టతల అయ్యాక, "ఇప్పుడు గల్లుమంటున్నది గద చాచా," అన్నాను. "గుల్లగున్నా గల్లుమంటది," అన్నాడు.

రెండు నెలల కింద వెళ్లినప్పుడు మంచం మీద ఉన్నాడు. చేతులు వణుకుతున్నాయని కత్తి పట్టడం ఎప్పుడో మానేశాడు. చాచీ చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లగానే నన్ను దగ్గరికి రమ్మని గొంతు తగ్గించాడు.

"ఒక తప్పు చేసిన బేటా. ఆ రాసినాయన్ను ఇన్నేండ్లు ఊరికెనే తిట్టిన. మిగిలినయన్ని ఆయన తప్పులే. బస్సుది మాత్రం నాది."

సంగతి ఇది. ఆ పుస్తకాల వెనక అట్ట లోపలివైపు ఎప్పుడూ పళ్లపొడి ప్రకటన ఉండేది. ముప్పై ఎనిమిదో పుస్తకంలో మాత్రం కథ సాగిపోయి, చివరి పేజీని ఆ అట్ట లోపల వేశారు. వీరుడు ఎగరడం ఎందుకు మానేశాడో అందులోనే ఉంది. చాచా చూసుకోకుండా మిగతా అట్టలతో పాటు దాన్నీ పీకి, అలవాటు ప్రకారం నాలుగో జిల్దు అట్ట లోపల గట్టిదనం కోసం అతికించి, పైన తెల్ల కాగితం వేసేశాడు. కొన్నేళ్లకు వానల్లో అట్ట మూల లేస్తే, సరిచేయబోయి అప్పుడు చూశాడట.

"మరప్పుడన్న చెప్పొద్దా చాచా?"

"ఎట్ల చెప్త? మీరు కాయితం నిండ రాసిండ్రు. అసలుది చదివిన. మీ అందరి కారణాలకన్న ఖరాబున్నది. యాదగిరిగాని పొట్టి కండువా కన్న గూడ! మల్ల అతికిచ్చిన."

"ఏమున్నది అండ్ల?"

"చెప్ప. నువ్వు నీది రాసినంక పీకి సూస్కో. ముందుగాల సూస్తె ఇగ రాయవు."

చాచీ చాయ్ తెచ్చి, "ఏం గుసగుసలు? బీడీలు తెమ్మంటుండా?" అని అడిగింది. "నై నై, కితాబు ముచ్చట," అన్నాడు చాచా. దొరికిపోయిన దొంగలాగే ఉంది ఆయన మొహం.

శుక్రవారం ఖబరస్తాన్ నుంచి వచ్చాక చాచీ నన్ను ఆపింది. ముందు, "తిన్నవా?" అని అడిగింది. తర్వాత ఒక గుడ్డసంచి ఇచ్చింది. అందులో నాలుగో జిల్దు. దానికి దారంతో కట్టిన పెన్సిలు ముక్క. మొన సన్నగా చెక్కి ఉంది. వణికే చేతులతో ఎలా చెక్కాడా అని నేను చూస్తుంటే, "నాతోనే చెక్కిచ్చిండు," అంది చాచీ. "మూడుసార్లు. మొన మంచిగొస్తలేదంట."

ఆదివారం ఆ కాగితం తెరిచి కూర్చున్నాను. యాదగిరి రాసిన పొట్టి కండువా వెలిసిపోయింది గానీ చదవొచ్చు. కింద నా రెండు గీతల జాగా అలాగే ఉంది. పేజీ వెనక్కి తిప్పి, కొండ మీదుగా ఎగిరిపోతున్న వీరుణ్ని మళ్లీ చూశాను. కొండ కింద, వేలిగోరంత, ఒక బొమ్మ ఉంది. ఎవరో పిల్లవాడు, తల పైకెత్తి చూస్తున్నాడు. ఇన్నేళ్లూ నేను పైకే చూశాను గానీ కిందికి చూడలేదు.

నాయినకు సద్ది తీసుకెళ్లేవాణ్ని నేను. ఆయన చెట్టు మీద ఉన్నంతసేపూ కింద ఊపిరి బిగబట్టి నిలబడేవాణ్ని. ఒకరోజు గాలి గట్టిగా కొట్టి చెట్టు ఊగింది. నేను చెట్టు మొదలును వాటేసుకుని, ఆయన దిగివచ్చినా వదల్లేదు. నాయిన నవ్వలేదు, తిట్టలేదు. నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. మోకు కొయ్యకెక్కింది ఆ తర్వాతే. ఎన్ని రోజుల తర్వాతో గుర్తులేదు. దీనికి రుజువేమీ లేదు. కానీ చాచా రుజువు అడగలేదు, కారణం అడిగాడు.

పెన్సిలు తీసి రాశాను. "కింద ఒక పిల్లవాడున్నాడు. పైకి చూసి భయపడుతున్నాడు. అందుకే." సరిగ్గా రెండు గీతలకు సరిపోయింది.

షరతు తీరింది కాబట్టి అట్ట మూల గోటితో కొంచెం లేపాను. తెల్ల కాగితం కింద నీలం రంగు కనపడింది. అక్కడ ఆగి యాదగిరికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను.

"పీకురా, పీకు! నాదానికన్న ఖరాబుందంటె సూడాల్సిందే!" అని అరిచాడు వాడు.

"సూద్దాంలే. గంత ఖరాబుదానికి తొందరేమున్నది," అన్నాను.

వంటింట్లో మైదా కాచాను. "జావ ఎవలికి?" అని అడిగింది మా ఆవిడ. పుస్తకానికి అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. పెళ్లయి ముప్పై ఏళ్లయింది మరి. లేపిన మూలకు లై రాసి ఒత్తాను. మిక్సీల కాలంలో రుబ్బురాయి ఎక్కడిది? ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా ఎత్తి జిల్దు మీద పెట్టాను.

పొద్దున డబ్బా తీసి చూస్తే, అట్ట మూల నుంచి దారప్పోగంత నీలం ఇంకా బయటికి కనపడుతోంది. రెండు వేళ్లతో టక్ టక్ అని కొట్టి, చెవి దగ్గర పెట్టుకున్నాను.

ఇంకా పచ్చిగానే ఉంది.