బోణీ కోసం ఆగని రైలు

బస్తర్‌లోని మా గీదంలో బస్సులు మా కోసం ఆగేవి. ఇప్పుడు గొప్ప కోసం చెప్పడం లేదు. ఒకప్పుడు మాత్రం గొప్పగానే చెప్పుకునేదాన్ని.

దంతెవాడ, బీజాపూర్, జగదల్‌పూర్ దారులు కలిసే చోట మా నాన్న బట్టల దుకాణం ఉండేది. బస్సులన్నీ దాని ఎదురుగానే నిలబడేవి. డ్రైవర్లకు, కండక్టర్లకు టీ మా దుకాణం నుంచే వెళ్ళేది. అమ్మ ఎక్కడికైనా వెళ్ళాలంటే నాన్న కండక్టరుతో ఒక్క మాట అనేవాడు. అమ్మ పూజ ముగించి, చీర మార్చుకుని, బీరువా తాళాలు నడుముకు దోపుకుని వచ్చేదాకా బస్సు కదిలేది కాదు. లోపల సంతకు పోయే ఆడవాళ్ళు కోళ్ళ గంపలు ఒళ్ళో పెట్టుకుని ఉక్కపోతలో కూర్చునేవాళ్ళు. ఒక్కరూ కిక్కురుమనేవాళ్ళు కాదు. అది మా మీద గౌరవమనుకునేవాళ్ళం. అడిగినా లాభం లేదని తెలిసి వాళ్ళు నోరు మూసుకున్నారని నాకు తట్టడానికి చాలా ఏళ్ళు పట్టింది.

రైలు మా దుకాణం ముందు నుంచి పోదు. బైలదిల్లా కొండల్లో తవ్విన ఇనుప రాయిని విశాఖ రేవుకు మోయడానికి వేసిన లైను అది. రాయి బండ్లు రాత్రింబవళ్ళు తిరిగేవి. మనుషులకు రోజుకు ఒక్క పాసింజర్. తెల్లవారుతూనే కిరందుల్‌లో బయలుదేరి, మా గీదం, జగదల్‌పూర్ దాటి, కోరాపుట్, అరకు కొండలు దిగి, చీకటి పడ్డాక విశాఖపట్నం చేరేది. టికెట్టు బస్సు చార్జీలో సగం కూడా ఉండేది కాదు. అంత చవక కాబట్టే మా వ్యాపారుల ఇళ్ళవాళ్ళు ఎక్కేవాళ్ళు కాదు. నాన్నది భోపాలపట్నం వైపు నుంచి వచ్చిన కుటుంబం. "ఆ రైల్ల మనుషులేంది, మేకలేంది, అంతా ఒక్కటే. మనం ఎక్కినమంటే దుకాణం మునిగిందనుకుంటరు" అనేవాడు.

అమ్మ పుట్టిల్లు శృంగవరపుకోట. అదే లైను మీద ఉన్న ఊరు. మా ఊరి నుంచి ఆ ఊరికి పట్టాలు పరిచి ఉన్నా అమ్మ బస్సుల్లోనే పోవాలి. జగదల్‌పూర్‌లో ఒకటి, ఒడిశా జైపూర్‌లో ఒకటి, సాలూరులో ఒకటి మారుతూ రెండు రోజుల ప్రయాణం. ఘాటు రోడ్డు పొడుగునా వాంతులు. తోడుకు మగమనిషి ఉండాలి. పైగా పోవడానికి ఒక కారణం ఉండాలి, పెళ్ళో చావో. అలా ఇరవై ఏళ్ళలో అమ్మ పుట్టింటి గడప తొక్కింది నాలుగైదు సార్లే.

అక్కడ అమ్మకు మిగిలింది ఒక్క చెల్లెలు, మా పిన్ని. పిల్లకు మూడేళ్ళప్పుడే బాబాయి పోయాడు. మరుదులు పక్క వీధిలోనే ఉన్నా తొంగి చూడలేదు. పిన్ని కుట్టుమిషను తొక్కి కూతుర్ని పెంచింది. ఆ పిల్లకు శ్రావణంలో పెళ్ళి కుదిరింది. భర్త పోయిన ఆడది కన్యాదానం చేయకూడదట. అన్నేళ్ళు ఒంటి చేత్తో పెంచినా ఆ ఒక్క పూట పీట మీద కూర్చునే అర్హత ఆమెకు లేదు. ఈ ఆచారం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పెళ్ళి కుదిరాక మరుదులు హఠాత్తుగా పెద్దరికం గుర్తొచ్చి, మేం కూర్చుంటామని వచ్చారు. పిన్ని వాళ్ళ ముఖం మీదే, మా అక్కా బావా కూర్చుంటారు, మీరు భోజనానికి రండి చాలు, అని చెప్పి పంపేసింది. ఆ సంగతంతా అమ్మకు ఉత్తరంలో రాసింది. అమ్మ ఆ ఉత్తరం చదువుకుని చాలాసేపు వంటింట్లోంచి బయటికి రాలేదు. అంత దూరాన పడి ఉన్న తనను చెల్లెలు ఇంకా అక్కగా లెక్కపెడుతోందని ఆమెకు సంతోషం.

ఆ ఏడు వానలు తెగ కురిశాయి. జగదల్‌పూర్ దారిలో వాగు రోడ్డెక్కి రెండు రోజులుగా బస్సులు లేవు. పెళ్ళి మర్నాడు పొద్దున. ఆ రోజు పాసింజర్ ఎక్కితే సాయంత్రానికి కోటలో దిగుతాం. ఇంక వేరే దారి లేదు కాబట్టి నాన్న ముఖం చిట్లించుకుంటూనే ఒప్పుకున్నాడు.

పొద్దున్నే అమ్మా నేనూ తయారై సామాన్లతో దుకాణంలో కూర్చున్నాం. బయట జీపు సిద్ధంగా ఉంది. నాన్న మాత్రం గద్దె దిగడం లేదు. బోణీ కాలేదు. దుకాణం తెరిచాక మొదటి బేరం కాకుండా గద్దె దిగి ఊరు దాటకూడదన్నది నాన్న వాళ్ళింటి పట్టింపు. తెరవకుండా పోదామంటే, శుభకార్యానికి పోతూ మూసిన దుకాణం ముందు నుంచి పోవడమేందని అదో పట్టింపు. ఆ వానలో తుండుగుడ్డ కొనడానికి ఎవరొస్తారు?

"టైమైపోతోందండీ" అంది అమ్మ.

"స్టేషనుకు మనిషిని పంపిన. మేం వస్తున్నమని చెప్పమన్న. ఆగుతది."

అమ్మ సరేనని కూర్చుంది. నేనూ నమ్మాను. నేను అప్పటికి పదో తరగతి పాసై, జగదల్‌పూర్‌లో చదవాలని కలలు కంటున్నదాన్ని. బడిలో రైలు టైముల లెక్కలు ఎన్ని చేశానో. అయినా రైలు ఆగుతుందనే అనుకున్నాను. అన్నీ మా కోసం ఆగే ఊళ్ళో పుట్టి పెరిగినవాళ్ళం మరి.

చివరికి గొడుగు లేకుండా నిలువునా తడిసిన ఒక రైతు వచ్చాడు. తువ్వాళ్ళన్నీ విప్పించి, వేళ్ళతో నలిపి చూసి, మొదట చూసినదాన్నే తీసుకున్నాడు. నాన్న ఆ డబ్బు కళ్ళకద్దుకుని లేచాడు. జీపు బురదలో జారుతూ స్టేషను చేరేసరికి ప్లాట్‌ఫారం ఖాళీ. నాన్న పంపిన మనిషి, మా దుకాణంలో పనిచేసే పెద్దాయన, ఒక్కడే గొడుగు కింద నిలబడి ఉన్నాడు.

"చెప్పినవా?" అన్నాడు నాన్న.

"చెప్పిన సేఠ్. స్టేషన్ మాస్టర్ నవ్విండు."

నాన్న చాలాసేపు పట్టాల వైపే చూశాడు, రైలు నాలుక కరుచుకుని వెనక్కి వస్తుందేమోనన్నట్టు. పిన్నికి ఫోను లేదు. తంతి కొడదామంటే వానకు తీగలు తెగిపోయాయి. అమ్మ సామాన్లు మళ్ళీ జీపులో పెట్టించింది. మర్నాడు తెల్లవారుజామునే నన్ను లేపింది. నాన్న కూడా చెప్పులు వేసుకుంటుంటే, "మీరెందుకూ? ఉండి బోణీ చూసుకోండి" అంది. నాన్నతో అమ్మ అంత మాట అనడం నేను వినలేదు, ఆ ముందూ ఆ తర్వాతా.

మగతోడు లేకుండా అమ్మ చేసిన మొదటి ప్రయాణం అది. పెట్టె కిక్కిరిసి ఉంది. బస్సులోలాగా ఎవరైనా లేచి చోటిస్తారేమోనని ఇద్దరం గుమ్మంలోనే నిలబడ్డాం. ఎవరూ లేవలేదు. మేమెవరో ఎవరికీ తెలియదు. కాసేపటికి మొక్కజొన్న పొత్తుల గంప కాళ్ళ మధ్య పెట్టుకున్న ఒకామె పక్కకు జరిగి, అమ్మ చేయి పట్టి కూర్చోబెట్టింది. అక్కడి హల్బీ భాషలో ఏదో అడిగితే, పెళ్ళికి పోతున్నామని అమ్మ వచ్చీరాని హల్బీలో చెప్పింది. పెళ్ళికైతే ఒక రోజు ముందు పోవద్దా అంది ఆమె. అమ్మ తల వంచుకుంది.

దారిలో ప్రతి చిన్న స్టేషన్‌లోనూ రైలు ఆగింది, అదీ రాయి బండ్లకు దారి ఇవ్వడానికి. అవి పోయేదాకా మాది కదలదు. మొదటి రెండుసార్లు నాకు కోపమొచ్చింది. మూడోసారికి పక్కవాళ్ళలాగే కిటికీలోంచి పల్లీలు కొనుక్కుని తిన్నాను. కొండ సొరంగాల్లో చీకటి పడ్డప్పుడల్లా అమ్మ నా మణికట్టు పట్టుకునేది. "రైలు క్యాన్సిలైందని చెబుదామా? వానలు కదా, నమ్ముతారు" అన్నాను.

మేం చేరేసరికి పందిరి విప్పుతున్నారు. పెళ్ళికూతురు అత్తింటికి వెళ్ళిపోయింది. పీటల మీద పెద్ద మరిది దంపతులే కూర్చున్నారట. పొద్దున ముహూర్తానికి గంట ముందు దాకా ఎదురుచూసి, ఇంక లాభం లేదని పిన్ని తనే వాళ్ళింటికి వెళ్ళి అడిగిందట. వాళ్ళు రెండుసార్లు అడిగించుకుని మరీ వచ్చారట. ఇదంతా పక్కింటావిడ మాకు కాళ్ళకు నీళ్ళిస్తూ చెప్పింది.

"రైలు మా కోసం ఆగుతుందనుకున్నామే" అంది అమ్మ పిన్నితో. అంతే. నేను చెప్పమన్న అబద్ధం చెప్పలేదు.

"సరేలే అక్కా. పెయాణం చేసి వచ్చేవు, ముందు భోంచెయ్" అంది పిన్ని.

పీట వేసి, అరిటాకు వేసి, కొసరి కొసరి వడ్డించింది. అమ్మ ఎంగిలాకు తీయబోతే తీయనివ్వలేదు. బయలుదేరేప్పుడు బొట్టు పెట్టి చీర చేతిలో పెట్టింది. మర్యాదకు ఏ లోటూ లేదు. తిరుగు రైలు కోరాపుట్ చేరింది. "అది నన్ను తిట్టలేదే" అంది అమ్మ అప్పుడు. నాకు అర్థం కాక, "మంచిదేగా" అన్నాను. పరాయివాళ్ళను ఎవరు తిడతారు అని అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. పుట్టింట్లో తనకున్న ఒక్క మనిషీ పోయిందని ఆమె ఏడుపు.

ఆ తర్వాత అమ్మ రాసిన ఉత్తరాలకు నాలుగు ముక్కల జవాబులొచ్చేవి. ఇక్కడ క్షేమం, అక్కడ క్షేమమని తలుస్తాను. అంతే.

ఆ ఏడే నేను జగదల్‌పూర్ కాలేజీలో చేరాను. బస్సుకు పెట్టుకోలేని ఇళ్ళ ఆడపిల్లలు మా ఊరి నుంచి పాసింజర్లో పోయేవాళ్ళు. వాళ్ళతో పాటే నేనూ. చూస్తుండగానే ఆ పెట్టెల్లో జనం మారిపోయారు. గనుల కాలనీల్లోని ఆంధ్రావాళ్ళు, పట్నం పెద్దాసుపత్రికి పోయే రోగులు, అన్నవరం మొక్కు ఉన్నవాళ్ళు, కూతురు నెల తప్పిందని వినగానే చేతిసంచీతో బయలుదేరిన తల్లులు. ఒకే బల్ల మీద తెలుగు, హల్బీ, గోండీ, ఒడియా వినిపించేవి. దుకాణం మునగకుండానే షావుకార్ల ఇళ్ళవాళ్ళూ ఎక్కసాగారు. కొంతకాలానికి నాన్న కూడా ఎక్కాడు. ఎవరైనా చూస్తే మాత్రం "రోడ్డు ఖరాబైంది" అనేవాడు, రోడ్డు అద్దంలా ఉన్న రోజుల్లో కూడా. టికెట్టు కూరగాయల చిల్లరలో వచ్చేస్తుందని అమ్మ కనిపెట్టింది. దానికి నాన్నను అడగక్కర్లేదు. తోడు అక్కర్లేదు. ఆమె మనసులో ఏముందో నేను అప్పుడు పసిగట్టలేదు.

చలికాలం సెలవుల్లో ఒకరోజు, "పద, పిన్నిని చూసొద్దాం" అంది. ఏం పని అంటే చెప్పలేదు. ఉత్తరం రాయలేదు. చేతిలో ఒక సంచీ, అందులో తలో జత బట్టలు.

పిన్ని తలుపు తీసి, మమ్మల్ని చూసి గుండెల మీద చేయి పెట్టుకుంది. "ఏటక్కా? ఏటైంది? బావకి బాగులేదా?"

"బాగున్నారే."

"మరేటి? దీనికేదైనా సంబంధం కుదిరిందా?"

"లేదు. ఊరికే వచ్చేను."

పిన్ని నమ్మలేదు. మంచినీళ్ళిస్తూ అడిగింది. స్టవ్వు వెలిగిస్తూ అడిగింది. నన్ను పక్కకు పిలిచి, అమ్మకేదైనా జబ్బా, పట్నం ఆసుపత్రికి తీసుకెళ్తున్నావా అని గుసగుసగా అడిగింది. బస్తర్ నుంచి అక్క వచ్చిందంటే ఏదో ఒకటి జరిగి ఉండాలి. ఆమెకు తెలిసింది అంతే. ఆఖరికి అన్నం వడ్డిస్తూ గరిటె పట్టుకుని నిలబడిపోయింది. "ఇంత దూరం ఏ పనీ లేకుండా ఎవరొస్తారు? నిజం చెప్పక్కా."

"టికెట్టు అంత చవకే. దానికి మళ్ళీ ఒక పని కూడానా?" అంది అమ్మ. "నిన్ను చూడాలనిపించింది. వచ్చేను."

పిన్ని గరిటె అన్నంలో పడేసి మా ఎదురుగా చతికిలబడింది. తర్వాత మొదలుపెట్టింది.

"సిగ్గు లేదే నీకు? ఆ వేళ రాలేనిదానివి ఇయ్యాళ ఊరికే వచ్చేవా? గుమ్మంకేసి చూసి చూసి నా కళ్ళు కాయలు కాసేయి. ఎవడి గడప తొక్కనని ఒట్టేసుకున్నానో ఆడి గడపే తొక్కించేవు కదే. బోణీ అట, బోణీ. నీ మొగుడికి బుద్ధి లేకపోతే నీకేటైంది? కాళ్ళు లేవా? నడిచి రాలేకపోయేవా?"

బోణీ సంగతి ఆమెకు ఎవరు చెప్పారో నాకు ఇప్పటికీ తెలియదు. ఎక్కడి గీదం, ఎక్కడి కోట, అంత దూరం నడవలేమని చెప్పబోతే అమ్మ నా మోకాలు నొక్కింది. పిన్ని ఏడుస్తూ తిట్టింది, ముక్కు చీదుకుని మళ్ళీ తిట్టింది. చిన్నప్పటి తప్పులు కూడా తవ్వి తీసింది. అమ్మ ముద్ద చేతిలో పట్టుకుని, కళ్ళు ధారలు కడుతుంటే, ఒక్కదానికీ ఎదురు చెప్పకుండా విన్నది. భోజనాలయ్యాక పిన్ని, "ఆ అంట్లు తోము, కూకుని చూస్తావేటి?" అంది. అమ్మ లేచి కొంగు దోపుకుని పెరట్లోకి వెళ్ళింది.

మర్నాడు రైలు కొండ ఎక్కుతుంటే అమ్మ కిటికీ పక్కన కూర్చుని తనలో తాను నవ్వుకుంటోంది. ఏమిటన్నాను.

"దాని కడుపులో ఇంకా చానా ఉన్నాయే తిట్లు" అంది. "మళ్ళీ నెల వద్దాం."